కిటికీ దగ్గర తీగ

కారుకీ కిటికీకీ మధ్య నల్లటి తీగ కనబడేసరికి లాడ్జి ఓనరు స్కూటరుకి స్టాండు కూడా వెయ్యలేదు.

స్కూటరు దాని మానాన అది పడిపోయింది.

ఆయన కోపం సంగతి ఆ సందులో కుక్కలకి కూడా తెలుసు. పైగా ఆ మధ్యాహ్నం కరెంటాఫీసు నుంచి వస్తున్నాడు. బిల్లు తగ్గించమని మూడు గంటలు అరిచాడు. పైసా తగ్గలేదు, గొంతు మాత్రం పోయింది. మధ్యలో భార్య ఆరుసార్లు ఫోన్ చేసింది. ఆరుసార్లూ కట్ చేశాడు.

ఆయన బాధ ఆయనది, కాదనలేం. వెనక గదిలో తల్లి రెండేళ్ళుగా ఆక్సిజన్ మిషను మీదే బతుకుతోంది. చెవులు కూడా వినపడవు ఆవిడకి. మిషను రాత్రీ పగలూ ఆగదు, మీటరూ ఆగదు. లాడ్జి మీద వచ్చిందంతా కరెంటు బిల్లే మింగేస్తోంది.

తల్లంటే ఆయనకి ప్రాణం. ఆ ప్రాణం కోసం దిగినవాళ్ళందరి ప్రాణాలూ తోడేస్తుంటాడు.

ఏడో నంబరు నిన్న సాయంత్రం దిగాడు. లాడ్జిలో మనుషులకి పేర్లుండవు, గది నంబర్లే.

"కారుకి ఛార్జింగ్ పెట్టుకోవచ్చాండీ?"

"పెట్టుకో. గది అద్దె ఎంతో, దానికీ అంత."

"అంతా? మా ఇంట్లో అయితే అందులో అయిదో వంతు కూడా అవదండీ."

"అయితే మీ ఇంటికే పోయి పెట్టుకో."

ఇల్లు చూస్తే రెండు వందల కిలోమీటర్లు. ఏడో నంబరు నవ్వేసి డబ్బు చేతిలో పెట్టాడు.

"ఒక్కసారికే. మళ్ళీ తీగ కనిపించిందో, చెయ్యి విరిచేస్తా."

"ఒకసారి నిండితే చాలండీ. ఇంటిదాకా వెళ్ళిపోతా."

అలా అన్నవాడు ఇవాళ మళ్ళీ తీగ పెట్టాడు. అదీ ఎక్కడ? తల్లి పడుకున్న గది కిటికీలో!

ఓనరు షట్టరు లాగే ఇనపకొక్కెం అందుకున్నాడు.

ఏడో నంబరు కారులోకి వంగి, బ్యాటరీ ఎంతుందో చూసుకుంటున్నాడు. అడుగుల చప్పుడుకి ఇటు తిరిగాడు.

మొదటి దెబ్బ దవడ మీద పడింది. ఎండు కర్ర విరిగినట్టు చప్పుడైంది.

ఏదో చెప్పబోయాడు. మాటకి బదులు రక్తం వచ్చింది. దాంతోపాటు రెండు పళ్ళు.

"ఒక్కసారికే అన్నానా లేదా? మా అమ్మ గదిలోంచే లాగుతావురా, దొంగ వెధవా!"

ఏడో నంబరు చెయ్యెత్తి కిటికీ వైపు చూపించాడు.

"చూపించక్కర్లేదు. ఎక్కడ లాగావో నాకూ కనిపిస్తోందిలే!"

రెండో దెబ్బకి ఆ చెయ్యి విరిగింది. ఓనరు అన్నమాట నిలబెట్టుకునే మనిషి.

గేటు తెరిచే ఉంది. ఇంకొకడైతే పరిగెత్తేవాడు. ఏడో నంబరు కదల్లేదు. కారు పక్కన తీగ గుచ్చిన చోటికి వీపు ఆనించి, మిగిలిన చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

ఓనరుకి ఒళ్ళు మండిపోయింది.

"చావడానికైనా సిద్ధమే గానీ కరెంటు వదలవా?"

భుజం మీద ఒకటి. పక్కటెముకల మీద రెండు. అయినా వదల్లేదు. తల అడ్డంగా ఊపుతున్నాడు, వద్దు వద్దన్నట్టు. కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

ఆఖరిది తల మీద పడింది.

పిడికిలి దానంతటదే విడిపోయింది. ఓనరు తీగ పీకి అతని మొహాన కొట్టాడు.

అప్పుడు వినపడింది ఆయనకి. వినపడింది అనడం కన్నా, వినపడటం మానేసింది అనాలి. రెండేళ్ళుగా చెవుల్లో మోగుతున్న మిషను చప్పుడు లేదు.

"ఫ్యూజు కూడా ఎగరగొట్టాడు వెధవ!"

లోపలికి పరిగెత్తాడు. స్విచ్చు వేశాడు, లైటు రాలేదు. తల్లి పెదాలు నీలంగా ఉన్నాయి. నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంటోంది.

"అమ్మా! అమ్మా!"

వీధి గుమ్మంలోంచి భార్య వచ్చింది. చంకలో పసిపిల్లలా చిన్న ఆక్సిజన్ సిలిండరు. మొగుణ్ణి ఒక్క తోపు తోసి, అత్తగారి మొహానికి మాస్కు పెట్టి మర తిప్పింది.

కాసేపటికి ఆవిడ పెదాలకి రంగు వచ్చింది. ఛాతీ లేచి, పడి, మళ్ళీ లేచింది.

ఓనరు నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కొక్కెం ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ ఏడో నంబరుగాడేనే! ఫ్యూజు పోగొట్టి అమ్మని చంపబోయాడు. వాడి పని అయిపోయింది."

భార్య కొక్కెం వైపు చూసింది. దాని చివర వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఒక్క ఉదుటున కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూసింది. ఊచలు రెండు చేతులతో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తల్లి కళ్ళు తెరిచింది. కోడలు కిటికీలోంచి అతనితోనే మాట్లాడుతోంది అనుకుంది. మాస్కు కాస్త పక్కకి జరుపుకుంది.

"ఇంక చాలని చెప్పమ్మా ఆ అబ్బాయికి," అంది. "పొద్దున కరెంటు పోయినప్పట్నుంచీ తన కారులో కరెంటంతా నా మిషనుకే పెట్టాడు, ఇంటికెళ్ళడానికి కాస్తయినా ఉంచుకోమను."