ఏలగిరికి ఒక ఆదివారం

"అయ్యో, బస్సు బస్సు!" అంటూ పెరుమాళ్ పక్కకు దూకి గోడకు భుజం కొట్టుకున్నాడు.

కళ్లకు వీఆర్ జోడు కట్టుకున్న మనిషికి గోడ ఎలా కనిపిస్తుంది పాపం! బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్లు గొల్లున నవ్వారు.

"భయపడొద్దన్నా, అది బొమ్మ బస్సు," అన్నాడు డానియల్. ప్రతి శనివారం ఈ జోళ్లూ ఒక ట్యాబూ తెచ్చి, ఊళ్లు చూపించి, ప్రయాణం ఎలా కుదుర్చుకోవాలో నేర్పేది అతనే.

"బొమ్మదైనా బస్సు బస్సే కదా సార్! వేలూరు బస్టాండా ఇది? నాకు ఒక్క గుర్తూ దొరకలేదే!"

"పన్నెండేళ్లు ఊరు విడిచి ఉంటే అంతేనన్నా."

పన్నెండేళ్ల కిందట పెరుమాళ్ గుడియాత్తంలో లుంగీలు నేసేవాడు. అప్పుడు కూతురు నివేద ఉయ్యాలలో ఉంది. ఇప్పుడు ఏడో తరగతి. నాన్నను ఫోటోలో తప్ప చూసి ఎరగదు. మొన్న ఫోన్లో ఒకే మాట చెప్పింది: "ఒక ఆదివారం నీతో వస్తా. బాగుంటేనే మళ్లీ వస్తా." ఆ 'బాగుంటేనే' విన్నప్పటి నుంచి పెరుమాళ్ ఆ ఆదివారం గురించే లెక్కలు వేస్తున్నాడు.

"శుక్రవారం ఊరికి పోతా సార్. ఆదివారం పాపను ముందు వేలూరు కోటకు పిలుచుకోని పోయి, ఆడినుంచి ఏలగిరి కొండకు. దారి నేనే చూపించల్ల. బిడ్డే నా చెయ్యి పట్టుకోని రోడ్డు దాటిస్తే నా మర్యాద ఏం కావల్ల?"

జోడు తీయించి, డానియల్ ట్యాబులో మ్యాపు తెరిచాడు.

"ఈ ఎర్ర గీత ఏంది సార్?"

"మీ దారిలోనే, పళ్లికొండ దగ్గర బండ్లు నిలిచిపోయి ఉండాయి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఈ నిమిషం."

"ఈ నిమిషమా!" పెరుమాళ్ ఆ గీతనే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత వేలితో మ్యాపు జరిపి గుడియాత్తంలో తమ వీధిని వెతుక్కున్నాడు. "సరి సరి. అయితే ఆరుకంతా బయలుదేరేస్తాం."

మళ్లీ జోడు కట్టుకుని కోట దాకా వచ్చాడు. వాకిటి ముందు ఆగిపోయాడు. నిమిషం గడిచినా కదల్లేదు.

"నడువన్నా. వాకిలి తెరిచే ఉండాది కదా?"

"ఉండాది సార్... ఎవురన్నా పొమ్మంటే పోదామని."

"ఎవురూ చెప్పరన్నా. టికెట్టు కూడా లేదు. నీ ఇష్టం."

ఈసారి బెంచీ మీద ఎవరూ నవ్వలేదు.

పెరుమాళ్ గట్టిగా ఊపిరి పీల్చి ఒక అడుగు వేశాడు. ఇంకొకటి వేశాడు. "పోయినా సార్, లోపలికి పోయినా!" అని కేకపెట్టాడు. జోడు తీసేసరికి కళ్లు తడిసి ఉన్నాయి.

"పాప ముందర ఇట్లా నిలబడిపోను కదా సార్? నవ్వుతాదేమో. మళ్లీ రాదేమో."

"రాకుండా యాడికి పోతాదన్నా? ప్రతి ఆదివారమూ నీ ప్రాణం తీస్తాది చూడు!"

పెరుమాళ్ మనసారా నవ్వాడు.

వార్డరు ఈల వేయగానే, వరసలో నిలబడి తన ఖైదీ నంబరు చెప్పాడు.