పాటకో ముఖం

దర్శకుడు తలెత్తకుండానే చెప్పాడు. "ఇన్నాళ్లూ జనం పాట విన్నారమ్మా, ఇప్పుడు టీవీలో చూస్తామంటున్నారు. గొంతు నీదే ఉంటుంది. ముఖం మాత్రం మీ చెల్లెలిది పెడదాం. ఆ అమ్మాయి పెదవులు కదిపితే చాలు."

ఇరవై ఏళ్లుగా క్యాసెట్లకు పాడుతున్న అక్క సరేనని తలూపింది.

చిత్రీకరణ రోజు స్పీకర్లో అక్క పాట మోగుతుంటే, దీపాల వెలుగులో చెల్లెలు దానికి తగ్గట్టు పెదవులు కదిపింది. ఊపిరి తీసే చోటు కూడా తప్పలేదు. కెమెరా వెనుక నిలబడి చూస్తున్న అక్కకు తన పాట తనది కాకుండా పోయినట్టనిపించింది.

కంపెనీ ఇచ్చిన టేపు ఇంట్లో పెట్టిన సాయంత్రం అమ్మ టీవీ ముందు నుంచి కదల్లేదు. అక్క వైపు తిరిగైనా చూడలేదు.

"పాడింది నేనని గుర్తే లేదా అమ్మా?" అంది అక్క, ఉండబట్టలేక.

"నీ గొంతు నాకు తెలీదటే?" అమ్మ కళ్లు తుడుచుకుంది. "చిన్నది పుట్టి పాతికేళ్లయింది. దీని నోట ఒక్క మాటైనా వినలేదు కదే నేను. ఇంకోసారి పెట్టవే."

అక్క టేపు వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. పక్కన కూర్చున్న చెల్లెలు శబ్దం లేకుండా ఏడుస్తోంది.