చెల్లె పేరు మీది గొర్రెలు

"చెల్లె వచ్చి గంటయితున్నది, నువ్వు దొడ్డిల ఏం జేస్తున్నవ్‌ర?" అని తల్లి బుగ్గమ్మ మూడోసారి కేకేసింది. దశరథ్ వినబడనట్టే గొర్రెల చెవులు తడుముతూ నిలబడ్డాడు.

ఇరవై నాలుగేళ్ల కింద వాళ్లు యాలాల్ దగ్గర ఒక రైతు చేన్లో మంద పెట్టుకుని ఉన్నారు. ఇలా మందలతో తిరిగేవాళ్లు ఆడపిల్లల్ని అమ్ముకుంటున్నారన్న అనుమానంతో ఆఫీసర్లు బాట మీద జీపు ఆపి చేన్లోకి నడిచొచ్చారు. బుగ్గమ్మ ఐదేళ్ల నాగరాణిని గొంగళ్ల కుప్ప కింద దాచింది. ఒకాయన బిస్కెట్ ప్యాకెట్ చూపించి చెల్లె ఏదని అడిగితే, ఎనిమిదేళ్ల దశరథ్ కుప్పవైపు వేలు చూపించాడు. ప్యాకెట్ అందుకుని తుమ్మల చాటుకు పరిగెత్తాడు. తిరిగొచ్చేసరికి చెల్లె లేదు, జీపు లేదు. తల్లి బాట మీద పడి ఏడుస్తోంది. ఆ సంగతి అతను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆడపిల్ల పుడితే ఆమె పేరు మీద ఒక గొర్రెపిల్లను విడవడం వాళ్లింటి ఆనవాయితీ. కరువులో దశరథ్ తన గొర్రెల్ని అమ్ముకున్నాడు గానీ, చెల్లె గొర్రె సంతతి మాత్రం తెగిపోనివ్వలేదు. దాంతో తప్పు మాసిపోతుందా అంటే, మాసిపోలేదు.

ఆఫీసర్లు చేర్చిన సర్కారు హాస్టళ్లలో పెరిగిన నాగరాణి ఇప్పుడు వికారాబాద్‌లో టీచరు. ఇంటి ఆచూకీ మూడేళ్ల కిందే తెలిసిందట. తాండూరు రైలెక్కితే గంట దూరం. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదని తల్లి అడిగితే తల దించుకుందట. ఆ మాట చెవిన పడగానే దశరథ్ గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. తన మొహం చూడలేకే రాలేదనుకున్నాడు.

చివరికి ఆమే దొడ్డిలోకి వచ్చింది. చెవికి గాటు పెట్టినవన్నీ నీవేనని అతను గొర్రెల్ని చూపించాడు. ఆమె ఒకదాని వీపు నిమిరింది. ఇక దాచలేక దశరథ్ వేలు చూపించిన సంగతి, బిస్కెట్ల సంగతి అంతా చెప్పేశాడు.

"నన్ను తిట్టు చెల్లె. సిగ్గుతోటి సచ్చిపోతున్న."

నాగరాణి కళ్లు తుడుచుకుంది.

"మొహం చెల్లక మూడేండ్లు రాలేదు నేను, అన్నా."

"నీకెందుకు సిగ్గు?"

"నువ్వు చూపిన కుప్పల నేను లేను, జీపు మీద మోజుతోటి ఎనకనుంచి పోయి ముందే ఎక్కి కూసున్న."