కంత చుట్టూ గాట్లు

కొమ్ముముక్కు పిట్టల్లో ఒక ఆచారం ఉంది. ఆడపిట్ట గుడ్లు పెట్టడానికి చెట్టు తొర్రలో కూర్చోగానే మగపిట్ట తొర్రనోటికి మట్టి మెత్తేస్తుంది. పక్కనే మానులో ఉన్న చిన్న కంతలోంచి పళ్లు అందిస్తుంది. పిల్లలకి రెక్కలొచ్చేదాకా ఆమెకి అదే లోకం.

పొన్ని మొదటిసారి తొర్రలో కూర్చుంది. కంతలోంచి తల బయటపెట్టి ఆకాశం చూస్తుంటే, ఎదురుకొమ్మ మీది గుంపుపెద్ద గండయ్య గొంతు సవరించుకున్నాడు.

"చూశావా పిల్లా, మా తాతలెంత దయగలవాళ్లో. మీకు గాలాడాలని ఇంత కంత తొలిచి పెట్టారు."

"మంచివాళ్లే తాతా," అంది పొన్ని.

తల లోపలికి తీసుకుంటుంటే మెడకి ఏదో గరుగ్గా తగిలింది. చూస్తే కంత చుట్టూ ముక్కుగాట్లు. కొన్ని నల్లబడిన పాతవి, కొన్ని కాస్త కొత్తవి. అన్నీ లోపలివైపే ఉన్నాయి. బయటివైపు ఒక్కటీ లేదు.

పొన్నికి అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ ముక్కు కొస విరిగిపోయి, పట్టుకున్న పండు జారిపోతుండేది. గుంపంతా నవ్వేది. ఎలా విరిగిందని ఎవరూ అడగలేదు. ఆవిడ పిల్లల్ని పొదిగింది ఈ తొర్రలోనే.

గండయ్య ఇంకా తాతల గొప్పలు చెబుతూనే ఉన్నాడు. పొన్ని తన రెక్కని కంతకి ఆనించి చూసింది. పట్టలేదు. పొట్ట కింది గుడ్డుని మెల్లగా సర్దుకుని, అమ్మమ్మ ఆపిన చోటునుంచి పొడవడం మొదలుపెట్టింది.