పక్కకు పెట్టిన ఐ త్రీ

“చెయ్యి పెట్టకు పెద్దమనిషీ. గది కూరగాయల గంప గాదు!”

నాగేశ్ కసురుకున్నాడు. ముసలాయన చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ఉన్న జగన్నాథ్ కంప్యూటర్ దుకాణంలో ఆ పూట రెండే కంప్యూటర్లు మిగిలాయి. ఒకటి కోర్ టూ డుయో, ఇంకొకటి ఐ త్రీ. రెండూ నడిమి రకమే. కాకపోతే మొదటిది పాత సరుకు, కొనేవాడు లేక మూలన పడి ఉంది. ఐ త్రీ అప్పుడప్పుడే ఖేడ్‌కు వచ్చింది.

ఆ కొత్తదాని మీద అక్కడ పనిచేసే నాగేశ్ ఎప్పటి నుంచో కన్నేశాడు. చెల్లెలు క్రిస్టీనా పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతోంది. ఇళ్ల నక్షాలు గీయడానికి నెట్ సెంటర్‌లో పడిగాపులు కాస్తోంది.

“పాతది అమ్మిపెట్టు. కొత్తది నీ చెల్లెకు తీస్కపో. జీతంల మెల్లగ పట్టుకుంట” అని పొద్దున్నే మాటిచ్చాడు జగన్నాథ్.

ఇంతలో ఈయన దిగబడ్డాడు. నాగల్‌గిద్ద బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. చెప్పులకు ఎర్రమట్టి, భుజాన మాసిన రుమాలు.

నాగేశ్‌కు చెప్పులు చూస్తే చాలు, మనిషి విలువ తెలిసిపోతుంది. అదీ వాడి నమ్మకం.

“గా కొత్తది ఇయ్యి బిడ్డా” అన్నాడు ముసలాయన, ఐ త్రీని చూపిస్తూ.

నాగేశ్ దానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఎందుకు? సిన్మాలు సూస్తవా?”

“హౌదా? గిండ్ల సిన్మాలు గూడ వస్తయా? నాకు గాదు. పిల్ల సదువుకు.”

ఏం చదువు, ఏం పని చేసుకుంటుంది అని అడగాలి. ఇంకెవరు వచ్చినా నాగేశ్ అడిగేవాడే. ఈయనను అడగలేదు. జొన్నచేలో తిరిగే పిల్ల కంప్యూటర్‌తో ఏం వెలగబెడుతుందిలే అనుకున్నాడు.

“గీ రెండిట్ల ఫరక్ ఏంది బిడ్డా?”

“చెప్తే నీకు సమజైతదా?”

“సమజయ్యేటట్టు చెప్పు.”

నాగేశ్ రెండు ప్రాసెసర్ల అట్టపెట్టెలూ తెచ్చి ఆయన ముక్కు కిందికి తోశాడు.

“ప్రాసెసరంటే కంప్యూటర్‌కు మెదడు. గీ పాతదాని మీద రాసిన వేగం సూడు, మూడు దాటింది. గా కొత్తది మూడుకు గూడ రాలే. నంబర్లన్న ఎరుకేనా?”

“ఎరుకే.”

“మరి ఏది పెద్దది?”

ముసలాయన బుద్ధిగా పాతదాని మీద వేలు పెట్టాడు.

ఆ నంబరు అబద్ధం కాదు. కానీ కొత్త ప్రాసెసర్ తక్కువ నంబరుతోనే ఎక్కువ పని లాగుతుందని నాగేశ్‌కు తెలుసు. పెద్ద పెద్ద నక్షాలు తెరిస్తే పాతది నీళ్లు నములుతుందనీ తెలుసు. అందుకేగా చెల్లెలి కోసం కొత్తది పక్కకు పెట్టుకున్నది!

“రెండూ ఒక్కపారి నడిపి సూపెట్టరాదు?”

“కరెంటు లేదు.”

నెత్తి మీద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ముసలాయన దాని వంక చూశాడు.

“సరే బిడ్డా. నీ ఇంటి పిల్లకైతే ఏది ఇస్తవు?”

“గిదే ఇస్త. దేవుని తోడు.”

అంత మాట అనడానికి నాగేశ్ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. ఇలాంటివాళ్లతో అబద్ధమాడితే పాపం అంటదని వాడి లెక్క.

“నువ్వు చెప్పినంక ఇగ మాటేంది. గదే కట్టు.”

నాగేశ్ డబ్బాకు టేపు చుడుతున్నంతసేపూ ముసలాయన వాడి ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

“అన్నం తిన్నవా బిడ్డా?”

“తింటనో పంటనో నీకెందుకయ్యా? జల్దీ పైసలు కట్టి కదులు!”

ముసలాయన నవ్వి, డబ్బును జగన్నాథ్ చేతిలో పెట్టి, డబ్బాను తానే ఎత్తుకెళ్లి ఆటోలో పెట్టుకున్నాడు.

“పీడ పోయిందన్నా!” చేతులు దులుపుకున్నాడు నాగేశ్. “గసుమంటి మొకానికి గా పాత డబ్బనే ఎక్కువ.”

పొద్దు గూకే వేళకు ఐ త్రీని బండి వెనక కట్టుకుని, ఈల వేసుకుంటూ ఇల్లు చేరాడు. డబ్బాను రెండు చేతులా ఎత్తుకుని గుమ్మంలో అడుగుపెట్టి, అక్కడే ఆగిపోయాడు.

క్రిస్టీనా కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తెర మీద ఏదో ఇంటి నక్షా సగం గోడ దాకా వచ్చి ఆగింది. పక్కన ఖాళీ డబ్బా. దాని మీద టేపు నాగేశ్ తన చేతులతో చుట్టిందే.

“జర మెల్లగ తెరుస్తుంది గని మస్తుంది అన్నా!” అంది క్రిస్టీనా. అంతలో వాడి చేతుల వైపు చూసింది. “గా డబ్బ ఎవరిది?”

నాగేశ్ డబ్బాను గుమ్మం పక్కన దించాడు.

“గిది… గిది ఎవలు తెచ్చిండ్రు?”

తల్లి ఆనందమ్మ లోపలి నుంచి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. ముఖం మాత్రం వెలిగిపోతోంది.

“జర ముందొస్తే దొరుకుతుండె బిడ్డా, ఇప్పుడే బస్సుకు పోయిండు. పిల్లకేం గావాల్నో ఊర్లె అడిగి తెలుసుకొని, నిన్ను గూడ సూసినట్టయితదని నీ దుకాణంకే వచ్చిండంట. ‘నీ కొడుకు ఇంటి పిల్లకు ఇచ్చినట్టే ఏరి ఇచ్చిండు’ అని ఒకటే పొగుడుడు.”

“ఎవలమ్మా ఆయన?”

“మీ నాయినను పెండ్లి చేస్కున్నప్పటి సంది అలిగి మన గడప తొక్కని మా అన్న సంగయ్యరా, నీ మేనమామ!”