చెవిపూస తీసిన రోజు

మంగవేణి తెచ్చిన నాటకం చదివి ఇందుమతి కాగితాలు పక్కన పెట్టింది. విజయనగరంలో కొత్తగా నాటకాలు రాసే పిల్లలకు ఆమే గురువు.

"ఇందులో జడ్జిగారూ, రొయ్యల షెడ్డులో పనిచేసే తల్లీ ఒకేలా మాట్లాడుతున్నారమ్మా."

"అందరూ అలాగే కదండీ మాట్లాడతారు?" అంది వేణి.

ఆ పిల్ల తప్పేం లేదు. ఉయ్యాలలో ఉన్నప్పుడే అందరి చెవుల్లోనూ పూస పెట్టేస్తున్నారు. ఎవరు ఏ యాసలో మాట్లాడినా అది శుభ్రమైన తెలుగుగా మార్చి వినిపిస్తుంది.

"ఇవాళ ఇంటికెళ్లి పూస తీసెయ్. మీ అమ్మ మాట విను," అంది ఇందుమతి.

సాయంత్రం తల్లి పైడమ్మ షెడ్డు నుంచి వచ్చేసరికి వేణి చెవులు బోసిగా ఉన్నాయి.

"ఏటే నా తల్లే, అలగున్నావు? కూడు తిన్నావేటి నా తల్లే?"

ఇరవై ఏళ్లుగా వేణికి వినిపించింది "భోజనం చేశావా?" అన్న మాటే. ఆ "నా తల్లే"ని అనవసరమని పూస రోజూ తీసేసింది.

"ఇంకోసారి అనమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ.

వారం రోజులు తల్లి వెనకాలే తిరిగి, నాటకాన్ని మళ్లీ మొదటినుంచి రాసింది. ఇందుమతి ఒక్క అక్షరం దిద్దలేదు.

"చూసేవాళ్ల చెవుల్లో పూసలుంటాయి కదమ్మా, మరెలా?"

"గుమ్మం దగ్గర బుట్ట పెట్టి, తియ్యమని అడుగుదామండీ."

ప్రదర్శన రోజు బుట్ట సగమే నిండింది. పైడమ్మ తన పూస అందులో వేసి ముందు వరసలో కూర్చుంది. నాటకంలో తల్లి మాటలు కాసేపు విని, పక్కనున్న కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఒలే, ఆ యమ్మెవులే? అచ్చం నానాగే మాటాడతంది!"

"నువ్వేనమ్మా."

పైడమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.