ఏడు లైన్లు

"ఇంకొక్కటే మిగిలిందండి," అన్నాడు శామ్యూల్. "నాది."

సోమేశ్వరరావు తెర మీంచి కళ్ళు తిప్పలేదు. పొద్దున్నుంచీ అరవై రెండు మార్పులు చూశాడు. కొన్ని తిప్పికొట్టాడు, కొన్ని చేర్చాడు.

అది తెలుగులో టైపు చేసుకునే ప్రోగ్రాము. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తప్పు కనిపిస్తే ఎవరైనా సరిచేసి పంపొచ్చు. సోమేశ్వరరావు చూసి సరేనంటేనే అది చేరుతుంది. ఏడాదిగా ఆయన దేనికీ సరేననలేదు. ప్రాజెక్టు సభ్యులు విసిగి గడువు పెట్టారు. ఈ ఆదివారం సాయంత్రం ఆరింటికి పేరుకున్న మార్పుల కుప్ప ఖాళీ కాకపోతే ప్రాజెక్టు ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. ఉచితంగా తిన్నవాళ్ళ విశ్వాసం అంతే.

శామ్యూల్ మలికిపురంలో కంప్యూటరు మాస్టారు. మొదటి బస్సుకే అమలాపురం వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు. రోజూ సరిగ్గా ఒంటిగంటకు ఈ ప్రోగ్రాము అరగంట బిగుసుకుపోతుంది. శామ్యూల్ వెతికి కారణం పట్టుకున్నాడు. ఏడు లైన్లు. అవి తీసెయ్యమని నాలుగుసార్లు పంపాడు. ఖాళీలు సరిగా లేవని, వివరణ చాలదని నాలుగుసార్లూ తిరిగొచ్చింది.

"మీ తప్పు బయటపడుతుందనాండీ?"

"రాసింది నేను కాదు."

"ఆయ్, చూసేనండి. కృష్ణవేణి అని ఉంది. మాది కామా తేడా వస్తే తిప్పికొడతారు. ఆవిడది చూడకుండానే చేర్చేసేరు."

"అదొక్కటే."

"ఎందుకు రాసేరో ఆవిణ్ణే అడగొచ్చు కదండీ?"

"జవాబివ్వదు."

"మెయిలు పెట్టేరా?"

"లేదు."

అడక్కుండానే తేల్చేశారన్నమాట అని శామ్యూల్ పైకే నవ్వాడు.

ఒంటిగంటకు తెర ఆగిపోయింది. సోమేశ్వరరావు లేచి చేతులు కడుక్కున్నాడు. రెండు కంచాల్లో అన్నం పెట్టి, నిన్నటి పులుసు పోశాడు. ఉన్న గడువులో అరగంట తినేసిందని శామ్యూల్ గొణిగాడు. ఆయన తిని కంచాలు కడిగాడు.

ఒంటిగంటన్నరకు తెర కదిలింది. ఆ ఏడు లైన్లూ ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. నాలుగయింది. ఐదయింది. మోడెం గీపెట్టి సభ్యుల మెయిలు ఒకటి దించింది. ఇంకా పది నిమిషాలే అని అందులో ఉంది.

"నా కోసం కాదండి," అన్నాడు శామ్యూల్, గొంతు తగ్గించి. "మా పిల్లలకి వారానికి కంప్యూటరు పీరియడ్ ఒక్కటే. అది ఒంటిగంటకే."

సోమేశ్వరరావు మీట నొక్కాడు.

"వెళ్ళండి మాస్టారూ. బస్సు పోతుంది."

మర్నాడు ఒంటిగంటకు మలికిపురంలో పిల్లల తెరలు ఆగలేదు. అమలాపురంలో ఆయన తెర కూడా ఆగలేదు. సాయంత్రం నాలుగైనా అన్నం గిన్నె మీద మూత అలాగే ఉంది.

మొగుణ్ణి భోజనానికి లేపడానికి కృష్ణవేణి పోయేముందు రాసిన లైన్లవి.